రేవు దాటక మునుపు

శ్రీకాకుళము జిల్లా సముద్రతీరమున, ఒకవైపు సరుగుడు తోటలును మరియొకవైపు జీడిమామిడి తోటలును గల యొక గ్రామమున జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాల యున్నది. ఆ తీరపు మత్స్యకారులలో పలువురు, ఊరి రేవున వేట చాలక, ఏటేట ఆగస్టు నెలలో గుజరాతులోని వెరావల్ రేవునకు పోయి, అచ్చటి బోటు యజమానులయొద్ద ముందుగా అడ్వాన్సు పుచ్చుకొని, బోటు నాయకుడగు తండేలు చెప్పినట్లు నెలల తరబడి నడిసముద్రమున వేటాడి, వేసవి ముదిరి పడమటి తీరమున వేట నిషేధము వచ్చు వేళకుగాని ఇల్లు చేరరు. అందువలన ఆ బడిలో పదవ తరగతి చదువు పిల్లలలో అనేకులకు, పరీక్షల కాలమునను, ఏప్రిల్ చివర ఫలితములు వచ్చు కాలమునను, ఆపై దరఖాస్తులు పెట్టు కాలమునను తండ్రి ఇంట ఉండడు. ఏ నిర్ణయము చేయవలసినను తల్లియో, అవ్వయో, లేక ఆ పదునైదేండ్ల బిడ్డయో చేయవలసినదే. ఈ సంగతి తెలియనివారికి నేను వ్రాయబోవు సంవాదము యొక్క బరువు తెలియదని దీనిని ముందుగా చెప్పుచున్నాను.

జూన్ నెలలో బడులు తెరచిన రెండవ వారమున, పది ముగించిన పిల్లలు టీసీలు పట్టుకొనిపోవుటకు వచ్చుచుండిన యొక మధ్యాహ్నము, పూర్వపరిచయమును బట్టి నేను ఆ పాఠశాల ఉపాధ్యాయుల గదిలో కూర్చుండియుంటిని. తెలుగు పండితురాలు అంతకు మునుపే ప్రధానోపాధ్యాయునికి ఒక కాగితము వ్రాసియిచ్చిరి. తొమ్మిది, పది తరగతుల పిల్లలను పదునైదుగురి చొప్పున ఒక్కొక్క ఉపాధ్యాయునికి అప్పగింపవలెననియు, శనివారమున ఒక పీరియడు ఇందుకై కేటాయించి ఒక్కొక్క బిడ్డతోను ఏకాంతముగా మాటలాడవలెననియు, ఆ బిడ్డ పది పిమ్మట ఏమి చేయదలచినదో, ఇంటి పరిస్థితి యేమో, ఏ దరఖాస్తునకు ఏ తేదీ కడపటిదో ఒక నోటుపుస్తకమున వ్రాసియుంచవలెననియు ఆ కాగితపు సారాంశము. ముప్పదియొక సంవత్సరములుగా గణితము బోధించుచున్న మాస్టారుగారు ఆ కాగితమును చదివి, మడచి, టీసీ పుస్తకముమీద పెట్టి, సంభాషణమును ప్రారంభించిరి. దానిని నాకు జ్ఞాపకమున్నంతవరకు, వారిరువురి యనుమతితో, పేర్లు విడిచి యిచ్చట పొందుపరచుచున్నాను.

మాస్టారు: అమ్మా, మీ కాగితమును రెండు పర్యాయములు చదివితిని. బిడ్డలయందు మీకు గల వాత్సల్యమును నేను శంకించుట లేదు. అయినను ఈ పద్ధతికి నేను సమ్మతింపజాలను. మన బడికి వచ్చు బిడ్డకు పొలము లేదు, పలుకుబడి లేదు, పట్నమున చేయిపట్టి నడిపించు బంధువు లేడు. ఉన్నది ఒక్క మోకు, అది పదవ తరగతిలో వచ్చు మార్కులు. ఆ మోకును పేనుటకు నాకున్న కాలమే చాలుట లేదు. భోజనము ఫోటోలు, హాజరు యాప్, సర్వేలు, ఎన్నికల విధులు పోగా మిగిలిన ఘడియలలో త్రికోణమితి చెప్పవలెను. ఆ ఘడియలలో నుండి మరియొకటి తీసి, "నాయనా, నీ మనసెట్లున్నది?" అని అడుగుమందురు. ఆ గంటలో వానికి రెండు లెక్కలు అధికముగా వచ్చునట్లు చేసినచో, వాని మనస్సునకు అంతకంటె మేలు చేసినవాడనగుదునని నా నమ్మకము. లెక్క కుదిరిన బిడ్డ ముఖమును మీరు చూచియుండలేదా?

పండితురాలు: చూచితిని, మాస్టారూ. మీ తరగతినుండి వచ్చిన బిడ్డ నా తరగతిలో సైతము తలయెత్తి కూర్చుండును. కాని మీరు పేనిన మోకు ఎంత దృఢమైనదైనను, దాని రెండవ కొనను ఎవరో ఒకరు ఒడ్డున కట్టవలెను గదా! నిరుడు 600కు 548 తెచ్చుకొన్న బాలుడు మీకు జ్ఞప్తియందున్నాడా?

మాస్టారు: ఉండకేమి? లెక్కలలో 97. టీసీకి రాలేదు. ఏ పట్నపు కాలేజీవారో తీసికొనిపోయియుందురనుకొంటిని.

పండితురాలు: ఆగస్టులో మేనమామ వెంట వెరావల్ పోయెను. బోటుమీద వంట చేయుచుండెనట.

మాస్టారు (కొంతసేపు మాటలాడక): అట్లయినచో అది సమాచారలోపము. 2008 మొదలుకొని నెలకొల్పిన ట్రిపుల్ ఐటీలు ఇట్టి బిడ్డల కొరకే గదా! పదవ తరగతి మార్కులనుబట్టి ప్రవేశము, ఆరేండ్ల చదువు. మన జిల్లాలోనే ఎచ్చెర్లయొద్ద ఒకటి కలదు. ఆ నోటిఫికేషనును గోడమీద నేనే అంటించితిని. ఇకమీదట ఇంకను పెద్ద అక్షరములతో అంటింతము. దానికి శనివారపు పీరియడేల?

పండితురాలు: ఆ నోటీసును అతడు చదివెను. చదువుటయే కాక, కడపటి తేదీని అరచేతిలో వ్రాసికొనెనని వాని చెల్లెలు నాతో చెప్పినది. తండ్రి సీజను నడుమ కాలు విరిగి పని మానెను; తీసికొన్న అడ్వాన్సు తీరలేదు; ఆ బాకీక్రింద ఇంటినుండి ఒక మనిషి పోవలెనని మాట వచ్చినది. చెప్పుకొన్నచో తండ్రి పరువు పోవునని ఆ బిడ్డ ఎవరితోను అనలేదు. మీ తరగతిలో మొదటి బెంచీలో కూర్చుండి, మీరడిగిన ప్రతి ప్రశ్నకును జవాబు చెప్పుచు, ఫిబ్రవరి, మార్చి నెలలంతయు ఆ బరువును మోసెను. నేను వాని వ్యాసమునకు మంచి మార్కులు వేసి, మెచ్చుకొని, పుస్తకము తిరిగి యిచ్చితిని. "ఇంట ఎవరున్నార్రా?" అని మన యిరువురిలో నొక్కరమును అడుగలేదు.

మాస్టారు: అడిగిన పిమ్మట? అమ్మా, ఇచ్చటనే నా యసలు ఆక్షేపము. అడిగియుండినచో ఆ బాకీని మీరు తీర్చియుందురా? విన్న పిమ్మట చేయగలిగినదేదియు లేనిచో, ఆ బిడ్డ దాచుకొన్న రహస్యమును పోగొట్టుకొని, దానికి బదులుగా ఏమియు పొందనివాడగును. నా సంగతియే చెప్పెదను. నేను తొమ్మిదవ తరగతిలో నుండగా మా తండ్రి గతించెను. మా లెక్కల మాస్టరుగారు ఒక్క ఓదార్పు మాటయైనను పలుకలేదు. పై తరగతి పుస్తకము నా చేతిలో పెట్టి, రోజును సాయంత్రము ఆరింటికి తమ అరుగుమీదికి రమ్మనిరి. రెండేండ్లు పోయితిని. ఆ అరుగుమీద కూర్చున్నంతసేపు దుఃఖము నన్ను విడిచియుండెడిది. వారు నా మనస్సును గూర్చి తరచి తరచి అడిగియుండినచో, నేను సిగ్గుపడి మరునాటినుండి పోయియుండనని ఇప్పటికిని తోచును.

ఈ మాట పలుకునప్పుడు మాస్టారుగారి కంఠమున కలిగిన మార్పును గమనించి పండితురాలు వెంటనే బదులు చెప్పలేదు. కిటికీ వెలుపల సరుగుడు చెట్ల హోరు తప్ప మరేమియు వినరాలేదు. ఆ రోజు జరిగిన వాదమంతటిలోను ఇంతకు మించిన యుపపత్తిని నేను వినలేదని చెప్పవలెను. ఏలయన, పిల్లవాని దుఃఖమును ముట్టుకొనకుండ వానికి ఆసరాయగు విద్య నిజముగా నొకటి కలదు, అది తెలియనివారు చేయు పరామర్శ పుండును గోకుట వంటిది.

పండితురాలు: మాస్టారూ, ఆ మహానుభావుడు మిమ్ము అడుగలేదని మీరనుకొనుచున్నారు. ఆరు గంటలనే ఏల చెప్పిరి? తండ్రి పనినుండి ఇల్లు చేరెడి వేళ అది యని, ఆ వేళకు ఇల్లు మిమ్ము పట్టి బాధించునని వారెరుగుదురు. ఎరుగుటకు ఎవరినో అడిగియుందురు. లేదా మీ వాడలో నుండి నడచిపోవుచు చూచియుందురు. నేను కోరునదియు అదియే. తరచి తరచి అడుగుట నా కాగితములో లేదు. ఛాందోగ్యోపనిషత్తున సత్యకామ జాబాలుని కథ మీకు తెలియనిది కాదు. హారిద్రుమత గౌతముడు ఆ బాలుని ఒక్క ప్రశ్న యడిగెను, గోత్రమేమని. తల్లి చెప్పినది చెప్పినట్లుగా ఆ బాలుడు చెప్పెను. ఆ జవాబును విన్న గురువునకు తరువాత చేయవలసినదేమో తోచెను.

మాస్టారు: తరువాత చేసినదేమి? బక్కచిక్కిన ఆవులు నాలుగు వందలు ఏరి, మేపుకొని రమ్మని చేతిలో పెట్టెను! వేయి అయినప్పుడుగాని తిరిగిరానని ఆ బాలుడు పలికెను. గౌతముడు వాని కన్నీరు తుడువలేదు, పని యిచ్చెను. ఆ కథ నా పక్షమున సాక్ష్యము చెప్పుచున్నది.

పండితురాలు: ఇరువురి పక్షమునను చెప్పుచున్నది. అడిగిన పిమ్మటనే ఇచ్చెను. గోత్రము తెలియని బిడ్డను గోత్రము గలవారి నడుమ కూర్చుండబెట్టినచో కలుగు బాధ నెరిగి, అడవికి పంపెను. బాకీ మాటకు వచ్చెదను. నేను ఆ బాకీని తీర్చలేను. కాని దరఖాస్తును ఇచ్చటనే నింపి పంపియుందుము. సీటు వచ్చినచో ఆ కాగితము చేతబట్టుకొని మేనమామతోను ఊరి పెద్దలతోను మాటలాడుటకు ఒక ఆధారముండెడిది. ఊరక "చదివింపుడు" అనుట వేరు, "వీనికి సీటు వచ్చినది, ఫలాని నాడు చేరవలెను" అనుట వేరు. ఇంకను వెనుకకు పొండు. ఎనిమిదవ తరగతిలో జాతీయ ప్రతిభా ఉపకారవేతనపు పరీక్ష వ్రాసి నెగ్గినవారికి తొమ్మిదినుండి ఇంటరు ముగియువరకు ఏటికి 12,000 రూపాయలు వచ్చును. వాడు ఆ పరీక్ష వ్రాయలేదు. ఆనాడు అవ్వను పలాస ఆసుపత్రికి, డయాలసిస్‌కు తీసికొనిపోయెను. మన ఉద్దానము ప్రాంతమున మూత్రపిండముల వ్యాధి ఎన్ని ఇండ్లలో నున్నదో మీకు చెప్పనక్కరలేదు. ముందు వారము తెలిసియుండినచో, వానికి బదులు ఆమెతో మరియొకరిని పంపియుందుము. అంతే, మాస్టారూ, ఒక పూట ఆసుపత్రికి ఎవరు పోవలెనను సంగతి. ఆ పూట విలువ నాలుగేండ్లకు 48,000 రూపాయలు.

మాస్టారు: ఈ లెక్క సరియే. అయినను ఇది ఉపాధ్యాయుని పనియా, వేరొకరిని నియమింపవలసిన పనియా యను ప్రశ్న మిగిలియున్నది.

పండితురాలు: ఆ ప్రశ్న నాకంటె పాతది. 1952-53లో మద్రాసు విశ్వవిద్యాలయ ఉపకులపతి లక్ష్మణస్వామి మొదలియారుగారి యధ్యక్షతన నడచిన మాధ్యమిక విద్యాసంఘము, పిల్లల యభిరుచులు వేరువేరు గనుక బహుళార్థసాధక పాఠశాలలు పెట్టుమనియు, దారి చూపు సలహాదారులు బడులలో నుండవలెననియు చెప్పెను. 1954లో ఢిల్లీలో అందుకై ఒక కేంద్ర కార్యాలయమును నెలకొల్పిరి. 1964-66 నాటి కొఠారీ సంఘము, మార్గదర్శనము విద్యలో అంతర్భాగమే యని పలికెను.

మాస్టారు: చూచితిరా! డెబ్బదియేండ్లకు పైగా సంఘములు చెప్పుచునే యున్నవి, ఆ పేరుతో మన బడి మెట్లెక్కిన మనిషి ఒక్కడును లేడు. 2025 జూలైలో సుప్రీంకోర్టు, విశాఖపట్టణమున నీట్ శిక్షణ పొందుచుండిన యొక విద్యార్థిని మరణమునకు సంబంధించిన వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, నూరుగురు గాని అంతకు మించిగాని విద్యార్థులున్న ప్రతి సంస్థయు అర్హత గల కౌన్సెలరును ఒకరినైనను పెట్టుకొనవలెనని ఆదేశించినది. మన బడిలో మూడు వందల పైచిలుకు పిల్లలున్నారు. ఆ మనిషిని పంపుమని అడుగుడు, ఆ కాగితముమీద మొదటి సంతకము నాది. కాని మీరు, నేను, డ్రిల్లు మాస్టరుగారు తలా పదునైదుగురిని పంచుకొని ఈ పని నడిపించుచున్నచో, "అచ్చట పని జరుగుచున్నది గదా" యని ఆ నియామకము ఇంకొక డెబ్బదియేండ్లు వెనుకబడును. పైగా మనకు శిక్షణ లేదు. మనము వైద్యులము కాము. మన మాట తగులరాని చోట తగిలినచో?

పండితురాలు: ఆ భయము నాకును కలదు, ఉండవలెను కూడ. అదే తీర్పులో, బోధకులును బోధనేతర సిబ్బందియు ఏటికి రెండుమార్లైనను ఈ విషయమున శిక్షణ పొందవలెననియు చెప్పిరి. కనుక మనలను పూర్తిగా విడిచిపెట్టలేదు. నిద్ర లేనివాడు, అన్నము మానినవాడు, స్నేహితులను విడిచి మూలకు చేరినవాడు, తాను లేకున్న బాగుండునని పలికినవాడు కనబడినచో, వానికి చికిత్స చేయుట మన పని కాదు. గమనించుట, ఒంటరిగా విడువకుండుట, ఇంటివారిని పిలిపించుట, వైద్యునియొద్దకు చేర్చుట మన పని. మానసిక సహాయమునకై యున్న టెలిమానస్ 14416కు ఎవరైనను ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులో మాటలాడుదురు. ఆ అంకె మన బడిలో ఏ గోడమీదను లేదు. నియామకము వచ్చువరకు ఆగుదమందురా? పదవ తరగతి మాత్రము ప్రతి మార్చిలోను ముగియుచునే యుండును.

ఇచ్చట మాస్టారుగారు మేజామీది పరీక్షపత్రముల కట్టను తీసి సరిచేసికొనసాగిరి. అవి పైనుండి క్రిందికి మార్కుల వరుసలో నున్నవి. పండితురాలి చూపు వానిమీద నిలిచినది.

పండితురాలు: కోపము తెచ్చుకొననిచో ఒక మాట. మీరు పేపర్లను ఎక్కువనుండి తక్కువకు, మార్కులు చదువుచు పంచుదురు. కడపట మిగిలిన నలుగురైదుగురు, తమ పేరు ఇంకను రాలేదని తెలిసి, నేలచూపులు చూచుచు కూర్చుందురు. నేను వరండాలో పోవుచు అనేకమార్లు చూచితిని.

మాస్టారు: లోకము వరుసలోనే పంచును. ముందుగా తెలిసికొనుట మంచిది. అంకెకు పక్షపాతము లేదు. కులము చూడదు, ముఖము చూడదు. పేదవాడు నమ్మదగినది అది యొక్కటే.

పండితురాలు: అంకెకు పక్షపాతము లేదు గాని, అంకెను వ్రాయు చేతికి పొరపాటు కలదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణమున ఇంటర్మీడియటు ఫలితములు వచ్చినప్పుడు, ఒక బాలికకు తెలుగులో సున్న వచ్చినట్లు చూపిరి. మరల చూడగా ఆమెకు వచ్చినవి 99. నా సబ్జెక్టు గనుక ఆ వార్త నా గుండెలో నిలిచిపోయినది. ఆ ఫలితముల పిమ్మటి దినములలో ఇరువదిమందికి పైగా పిల్లలు ప్రాణములు తీసికొనిరి. దేశము మొత్తముమీద 2022లో ఒక్క యేడున 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసికొనిరని జాతీయ నేర గణాంక సంస్థ లెక్క. ఏ ఒక్క కారణమును చూపి ఇన్ని చావులను వివరింపజాలము. ఇంటి కలహములు, వ్యాధి, ప్రేమ, అప్పు, అన్నియు నందులో నుండును. కాని ఫలితము వచ్చిన సాయంత్రము ఆ బిడ్డ ప్రక్కన కూర్చుండి, "ఈ అంకె తప్పు కావచ్చును, తప్పు కాకున్నను సప్లిమెంటరీ యున్నది, రేపు పొద్దున బడికి రా, చూతము" అని చెప్పు మనిషి యొక్కడుండినచో, వారిలో కొందరైనను ఆ రాత్రిని దాటియుందురని నా మనస్సు చెప్పుచున్నది.

మాస్టారుగారు పేపర్ల కట్టను క్రిందపెట్టిరి. చాలసేపటికి గాని మాటలాడలేదు.

మాస్టారు: జవాబు తప్పిన లెక్కను కొట్టివేయక, ఏ మెట్టున తప్పినదో వెనుకకు పోయి చూడుమని నేనే చెప్పుదును. మెట్టుకు మెట్టుకు మార్కులు వేయుదును. పేపర్లు పంచునప్పుడు ఆ న్యాయమును పాటింపనైతిని. ఇకమీదట రోల్ నంబరు వరుసలో పంచెదను. ఈ యొక్క విషయమున మీరు నెగ్గితిరి. కాని మీ నోటుపుస్తకమును గూర్చి నాకు వేరొక సందేహము కలదు, దానికి సమాధానము చెప్పుడు. బిడ్డ భవిష్యత్తును గూర్చి మీరేమి సలహాలిత్తురు?

పండితురాలు: ఎంపీసీ, బైపీసీ తప్ప మూడవ దారి లేదను భ్రమను తొలగింతును. పాలిటెక్నిక్కు మూడేండ్లు చదివి, ఈసెట్టు వ్రాసి ఇంజనీరింగు రెండవ సంవత్సరమున చేరవచ్చును. వ్యవసాయ పాలిటెక్నిక్కు రెండేండ్లు. ఐటీఐలో ఎలక్ట్రీషియనుకు రెండేండ్లు, వెల్డరుకు ఒక యేడు. పాలిసెట్టునకు దరఖాస్తు గడువు పదవ తరగతి ఫలితములకంటె ముందే ముగియును. ఫలితము చూచి ఆలోచింతమనుకొన్నవాడు ఆ యేడు పోగొట్టుకొనును. ఇవి ఇంటిలో ఎవరును చెప్పువారు లేరు.

మాస్టారు: ఇదియే నేను భయపడినది! ఈ జాబితాను మన బడిలో చదువుదురు గాని, పట్టణమున లక్షల ఫీజు గుంజు బడిలో ఏల చదువరు? వెల్డరు పని గౌరవమైనదే. అయినచో డాక్టరుగారి కుమారునికి దానిని ఏ సలహాదారుడైనను చూపునా? మన బిడ్డ బీదవాడు, ఇంట అప్పున్నది, త్వరగా సంపాదింపవలెను అని మీ నోటుపుస్తకములో మొదట వ్రాయుదురు. ఆపై ఆ వ్రాతకు సరిపోవు చిన్న చదువును వెదకి, దానికి మార్గదర్శనమని పేరు పెట్టుదురు. 1971లో పి.వి. నరసింహారావుగారు నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాలను తెరపించినప్పుడు, మరుసటి యేడు తాడికొండ, కొడిగెనహళ్ళిలలో తెరచినప్పుడు, పల్లెటూరి బీదబిడ్డకు సరిపోవు చదువేదియని వెదకలేదు. ఉన్నవానిలో ఉత్తమమైన చదువును తెచ్చి వాని ముందు పెట్టిరి. నేను ఎంపీసీ, ఎంపీసీ యని గొంతు చించుకొనుట మూర్ఖత్వమని మీరనుకొనుచుందురు. మన బిడ్డలకు ఎవరును పెద్ద మాట చెప్పరు గనుక నేను చెప్పుచున్నాను.

నేను చూచుచుండగనే పండితురాలి ముఖము వివర్ణమైనది. ఆమె సమాధానము చెప్పుటకు మునుపు కుర్చీ వెనుకకు జరిపి లేచి, కిటికీయొద్దకు పోయి, మరల వచ్చి కూర్చుండిరి.

పండితురాలు: మాస్టారూ, ఈ మాటకు నాయొద్ద సిద్ధమైన జవాబు లేదు. నేను చేసిన తప్పునే మీరు చెప్పితిరి. మూడేండ్లక్రిందట ఒక బాలిక, సైన్సులో మేటి, తల్లి జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు ఒలుచును. ఆ యింటి స్థితిని చూచి నేనే ఒకేషనల్‌లో ల్యాబు టెక్నీషియను కోర్సు తీసికొమ్మని చెప్పితిని. తలయూపినది. నిరుడు సంతలో కనబడి, నవ్వుచు, "డాక్టరు కావలెనని నాకుండెను టీచరుగారూ, మీరు చెప్పితిరని ఊరుకొంటిని" అనెను. ఆ నవ్వు నన్ను నేటికిని విడువలేదు. నేను దానిని అడిగినది ఏమి? ఇంట ఎందరు, ఆదాయమెంత, ఎన్నాళ్ళు చదివింపగలరు. "నీకేమి కావలెను?" అను ప్రశ్నను నేను వేయనేలేదు. వాత్సల్యముతోనే వేయలేదు, లేని ఆశ కల్పింపరాదని.

మాస్టారు: అయినచో మీ కాగితములోని వరుసను మార్చుడు. మొదటి పుటలో బిడ్డ కోరినది, బిడ్డ చేతివ్రాతతో నుండవలెను. డబ్బు మాట ఆ పుటలో రారాదు. ఆ కోరికకు పోవు దారి యెంత పొడవో, ఏ మెట్టున ఏ పరీక్షయో, ఎంత ఖర్చో, ఏ ఉపకారవేతనము దొరకునో, అది రెండవ పుట. ఆ దారి మూసికొనిపోయినప్పుడు పట్టుకొనదగినది మూడవ పుట. మూడవ పుటను ముందు తెరచిన ఉపాధ్యాయుడు దోషి. ఈ విధముగనైనచో పదునైదుగురిని నేను తీసికొనుటకు ఆలోచింతును. ఒప్పుకొనుచున్నాననుట లేదు, ఆలోచింతును. ఆ పుస్తకము ఎవరి బీరువాలో నుండునో కూడ చెప్పుడు. ఈ గదిలో పడిన మాట సాయంత్రమునకు రేవు చేరును.

పండితురాలు: తాళము నాయొద్ద. ఇంటి రహస్యములేవియు అందులో వ్రాయము. తేదీలు, కోరికలు, పరీక్షలు మాత్రమే. చెప్పరానిది చెప్పిన బిడ్డ మాట ఉపాధ్యాయుని నోట దాటరాదు. ఇది మొదటి నియమము.

మాస్టారు: ఎట్టి మాటయైననా?

పండితురాలు సమాధానము చెప్పక తల వంచుకొనిరి. ఇంతవరకు వాదమున ఏ ఘట్టమునను వారు అట్లు తడబడలేదు. పిమ్మట, నావైపు ఒకమారు చూచి, మెల్లగా చెప్పిరి. ఈ యేడు పది ముగించిన యొక బాలిక, 512 మార్కులు వచ్చినది, వారము క్రిందట వారియొద్దకు వచ్చి యేడ్చినదట. తండ్రి సీజను డబ్బుతో వెరావల్‌నుండి దిగెను. మేనత్త కొడుకునకు మాట యిచ్చిరి, శ్రావణమున ముహూర్తము. బాలికకు పదునారేండ్లు నిండలేదు. ఎవరితోను చెప్పరాదని చేతిలో చేయి వేయించుకొనినది.

మాస్టారు: వారమైనదా! అమ్మా, మీరు ఈయకూడని మాట యిచ్చితిరి. పదునెనిమిదేండ్లు నిండని పిల్లకు పెండ్లి చేయుట నేరమని 2006 నాటి చట్టము చెప్పుచున్నది. బాలల సహాయపు నంబరు 1098కి ఫోను చేయుటకు ఎవరి యనుమతియు అక్కరలేదు. ఈ విషయమున రహస్యము పాటించుట ఆ బిడ్డకు చేయు ద్రోహమే.

పండితురాలు: తెలియును. రాత్రులు నిద్ర లేదు. నేను చెప్పినచో ఈ బిడ్డ ఇక నన్నెన్నడును నమ్మదు. దీనిని చూచి మరియొకతె నాయొద్దకు రాదు. పోలీసులు వచ్చిరని వాడలో తెలిసినచో దానిని ఇంట బ్రతుకనీయరు. తల్లితో మాటలాడి, తండ్రిని మెత్తబరచి, ఇంటరులో చేర్పించిన పిమ్మట పెండ్లి తానే వెనుకబడునని ఆశించితిని.

మాస్టారు: ఆశించుటకు శ్రావణమువరకు గడువున్నదా? విని యూరకుండినచో ఏమి ప్రయోజనమని ఇందాక నేనడిగితిని. ఇప్పుడు చేయదగినది కన్నుల ముందున్నది, మీరు వినుటయొద్దనే ఆగియున్నారు.

నేను ఇరువురికిని మిత్రుడను. ఐనను ఇచ్చట మాస్టారుగారి మాటయే న్యాయమని నాకు తోచినది, తోచినట్లే చెప్పితిని కూడ. పండితురాలు కన్నులు తుడుచుకొని, "అది వరండాలోనే కూర్చున్నది, టీసీకి వచ్చినది" అనిరి.

మాస్టారు: తండ్రి నాయొద్ద చదివినవాడే. లెక్కలు తప్పి ఒక యేడు మరల వ్రాసెను. నామాట వినునో వినడో చెప్పలేను. ఫోను మాత్రము ఈ సాయంత్రము దాటనీయరాదు. టీసీ నేడు పిల్ల చేతికి ఈయను. రేపు పొద్దున, ఇంటరు దరఖాస్తుతో గూడ నేనే ఇంటికి పట్టుకొనిపోయెదను. ఊరక పోయినచో ఏల వచ్చితివందురు. ఆ కాగితము చేతనుండినచో గడప దాటి కూర్చుండవచ్చును.

పండితురాలు: ఒక్కటి మాత్రము నన్ను చేయనిండు. ఫోనుకు మునుపు, నేను నా మాట తప్పుచున్నానని, ఏల తప్పుచున్నానో, దానితో నేనే చెప్పెదను. వెనుకనుండి తెలియరాదు.

మాస్టారు: ఆమె పోయి తండ్రితో చెప్పినచో? ముహూర్తము ముందుకు జరిపినచో?

పండితురాలు: జరుపవచ్చును. ఐనను దానితో చెప్పకుండ నేను చేయను.

ఈ విషయమున వారికి ఏకీభావము కుదరలేదు. మాస్టారుగారు గడియారమువైపు చూచి, అరగంట యిచ్చుచున్నాననిరి. పండితురాలు చీరచెంగు సరిచేసికొని వెలుపలికి పోయిరి. మాస్టారుగారు టీసీ పుస్తకమును మూసి, ఫోనును దానిమీద పెట్టి, కుర్చీలో నిటారుగా కూర్చుండిరి. కిటికీలో నుండి బాదముచెట్టు క్రింది గట్టు కనబడుచుండెను. పండితురాలు ఏదో చెప్పుచున్నారు. బాలిక మొదట వారివైపు చూచినది. పిమ్మట ముఖము ప్రక్కకు త్రిప్పుకొని, తన చేతిని వారి చేతిలోనుండి లాగికొనినది. పండితురాలు అచ్చటనుండి కదలలేదు.